మూడు వాక్యాలకో గడ్డం

కోటిలింగం సెలూన్లో అద్దం పైన ఇరవై రెండేళ్లుగా ఒక బోర్డు ఉండేది. ‘ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు’ అని. ఆ బోర్డు కింద కూర్చుని రేవులపాడు జనం మాట్లాడని రాజకీయం లేదు. రిటైరైన లైన్‌మన్ బసవపున్నయ్య అయితే మెడకు గుడ్డ కట్టగానే మొదలుపెట్టేవాడు. ఎడమ చెంప అయ్యేసరికి రాష్ట్ర ప్రభుత్వం పడిపోయేది, కుడి చెంప అయ్యేసరికి కేంద్ర ప్రభుత్వం. మీసం కత్తిరించేటప్పుడు పెదవులు కదపకూడదు గనక మున్సిపాలిటీని ముక్కుతో తిట్టేవాడు. ఎవరేమన్నా కోటిలింగం ఒక్కటే మాట అనేవాడు: “అంతేగా మరి.” ఎదుటివాడి గొంతు మీద కత్తి పెట్టేవాడికి సొంత అభిప్రాయం ఉండకూడదని అతనికి పని నేర్పిన తండ్రి గట్టిగా చెప్పి పోయాడు.

పోయిన దసరా నుంచి ఊళ్లో గొంతులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. ఫోన్లో ఒక కార్టూన్ పంచుకున్నందుకు హైస్కూలు డ్రాయింగు మాస్టారిని పదకొండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టారు. కాలవ కట్ట మీద ఇళ్లు పీకేస్తుంటే అడ్డంగా నిలబడిన ముగ్గురి పేర్లు రేషను జాబితాలోంచి జారిపోయాయి. అవి జారిపోయిన తీరు చూసి మిగతావాళ్లు ఎవరి పేరు వాళ్లు గట్టిగా పట్టుకున్నారు. బసవపున్నయ్య ఎడమ చెంప దగ్గరే ఆగిపోవడం మొదలుపెట్టాడు. సంక్రాంతి వెళ్లాక తిట్టడం మాని దగ్గడం అలవాటు చేసుకున్నాడు.

జనం భయపడుతున్నారన్న సంగతి ఎలాగో ప్రభుత్వం చెవిన పడింది. పడగానే నొచ్చుకుంది. నొచ్చుకున్న మనిషైతే కాసేపు మంచమెక్కి పడుకుంటాడు. ప్రభుత్వం ఒక శాఖ పెట్టింది. దాని పేరు ప్రజా నిర్భయ శాఖ. రాష్ట్రంలో భయం లేదని నిరూపించడం దాని పని. పట్టణానికొక నిర్భయాధికారిని వేశారు. రేవులపాడుకి వచ్చినాయన పేరు సదానందమూర్తి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఫైలుని ఛాతీకి ఆనించి రెండు చేతులా పట్టుకుంటాడు. జీపు తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతాడు.

ఆయన ఒక సోమవారం పొద్దున సెలూన్లోకి వచ్చి బోర్డు కేసి చూశాడు.

“నిర్వాహకులు మీరేనా?”

“మంగలినండి,” అన్నాడు కోటిలింగం.

“జీవో ప్రకారం నిర్వాహకులు. ఈ బోర్డు ఏ ఉద్దేశంతో ప్రదర్శించబడినది?”

“ఉద్దేశం ఏవీ లేదండి. షాపు పేరు రాయిస్తే పెయింటరు ఇది కొసరుగా రాసిచ్చాడు.”

“రాజకీయాలు మాట్లాడుట ప్రమాదకరమనే భావన ఈ బోర్డునందు అంతర్లీనంగా ఉన్నది. రాష్ట్రంలో భయం లేదు. లేని భయాన్ని ఉన్నట్లుగా ప్రదర్శించుట నేరముగా పరిగణించబడును.”

“అంతేగా మరి,” అన్నాడు కోటిలింగం అలవాటు కొద్దీ.

ఆయన వెంట వచ్చిన బంట్రోతు పాత బోర్డు పీకి కొత్తది కొట్టాడు. ‘ఇచ్చట ప్రతి ఒక్కరూ నిర్భయముగా మాట్లాడవలెను.’ దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. ‘మాట్లాడనివారిపై చర్య తీసుకొనబడును.’ తర్వాత ఒక లావుపాటి రిజిస్టరు చేతికిచ్చాడు. గుడ్డ తీసే లోపల ప్రతి మనిషీ ప్రభుత్వం గురించి కనీసం మూడు వాక్యాలు మాట్లాడాలి. నిర్వాహకుడు వాటిని రాసి, పేరూ ఆధార్ నంబరూ వేసి, సంతకం తీసుకోవాలి. పక్కన ‘భయపడ్డారా?’ అని ఒక గడి ఉంది. అందులో ‘లేదు’ అని ముందే అచ్చేసి పెట్టారు.

“ఎవురన్నా మాట్టాడకపోతేనో సార్?”

“గుడ్డ తీయరాదు. తీసినచో దుకాణం లీజు రద్దగును.”

కోటిలింగం చుట్టూ గోడలు చూసుకున్నాడు. ఆ గది మున్సిపల్ కాంప్లెక్సులో ఏడో నంబరు. అంతకుముందు పన్నెండేళ్లు బస్టాండు గోడ పక్కన ఎండలో కుర్చీ వేసుకుని గీశాడు. ఈ నాలుగు గోడల కోసం అతను ఎంతమంది ఇళ్ల చుట్టూ తిరిగాడో, ఎంతమందికి ఇంటికెళ్లి ఊరకే క్షవరం చేశాడో ఆ దేవుడికి తెలుసు. ఈ గది పోతే మళ్లీ గోడ పక్కకే. యాభై నాలుగేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో, అక్కడికి వెళ్లడం తన వల్ల కాదు.

నోటి చుట్టూ కత్తి ఆడేటప్పుడు మాట్లాడితే తెగుతుంది. అందుకని కోటిలింగం ఒక చెంప పూర్తయ్యాక, రెండో వైపుకి తిరిగే ముందు, వాక్యాలు తీసుకోవడం మొదలుపెట్టాడు. మొదటి బేరం బసవపున్నయ్యదే.

“బాబాయ్, మాట్టాడాల.”

“ఈ ఏడు మామిడి బాగా కాసిందిరా కోటీ.”

“మామిడి కాదంట. గవర్మెంటు గురించంట.”

బసవపున్నయ్య అద్దంలో తన మొహం చూసుకున్నాడు. తలుపు వైపు చూశాడు. ముప్పై ఐదేళ్లు కరెంటు స్తంభాలెక్కి బతికి బయటపడ్డ మనిషి ఆయన, ఏ తీగ ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో బాగా తెలుసు.

“రాసుకో. ప్రభుత్వం బాగుంది. రోడ్లు బాగున్నయ్. దీపాలు బాగున్నయ్.”

“దీపాలు రెండు నెలల్నించి ఎలగట్లేదు గదా బాబాయ్.”

“ఎలగకపోయినా బాగున్నయ్.”

ఆ వారం నూట అరవై మంది గడ్డాలు గీయించుకున్నారు. నూట అరవై మందీ రోడ్లు బాగున్నాయనీ దీపాలు బాగున్నాయనీ చెప్పారు. నిర్వాహకుని అభిప్రాయం అనే గడిలో కోటిలింగం ప్రతిచోటా ‘అంతేగా మరి’ అని రాశాడు. శనివారం సాయంత్రం రిజిస్టరు తీసుకెళ్లిన సదానందమూర్తి సోమవారం పొద్దునే పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు.

“నిర్వాహకా, ఇందులో విమర్శ ఏదీ?”

“అందరూ బాగుందనే అన్నారండి.”

“నూటికి నూరు శాతం పొగడ్త భయానికి సూచిక అని పైనుంచి అక్షింతలు పడ్డాయి. భయం లేని ప్రజలు పదిహేను శాతం విమర్శిస్తారని శాస్త్రీయంగా తేలింది. ఇకమీదట ఇక్కడా నెలకు పదిహేను శాతం విమర్శ తప్పనిసరి. తక్కువైతే లీజు రద్దు.”

“సార్, విమర్శ నేనెక్కడ తెచ్చేది?”

“నమూనాలు ఇస్తున్నాం.” ఆయన ఒక కాగితం తీసి చదివాడు. “ఒకటి, ప్రభుత్వం తన ఆరోగ్యం కూడా చూసుకోకుండా శ్రమించుట బాధాకరం. రెండు, ప్రభుత్వం చేసిన మేలు ప్రభుత్వమే చెప్పుకోకపోవుట లోపం.” చదివి, తనే తల అడ్డంగా ఊపాడు. “పోయిన నెల పక్క ఊరు వాళ్లు ఇవే పంపిస్తే నాసిరకం విమర్శ అని పైవాళ్లు కొట్టేశారు. నాణ్యమైనది కావాలి.”

వెళ్తూ వెళ్తూ ఆయన కత్తి తుడిచే పేపరు ముక్కలు చూసి ఆగిపోయాడు. పాత పత్రికలు చింపి, వాటి మీద నురగ తుడవడం ప్రతి మంగలి షాపులోనూ ఉన్నదే. ఇప్పుడు ప్రతి పేజీలోనూ ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన నవ్వుతున్నాడు గనక, ఏ పేజీ చింపినా నురగ ఆయన మొహానికే అంటుకుంటోంది. అదీ నిషేధించారు. ఆనాటి నుంచి కోటిలింగం పాత లుంగీ గుడ్డకి తుడుచుకుంటున్నాడు.

విమర్శించకపోతే గుడ్డ విప్పరన్న వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. మర్నాటి నుంచి సెలూన్‌కి ఒక్కడూ రాలేదు. జనం అంగళ్ల మీద పడి బ్లేడ్లు కొనుక్కున్నారు. దాంతో సదానందమూర్తి, పై అధికారుల మెప్పు కోసం, బ్లేడు కొన్నా మూడు వాక్యాలు మాట్లాడాలని ప్రతిపాదన పంపాడు. అది నాలుగు రోజుల్లో జీవో అయి వచ్చింది. కోమటి అంగళ్లలో బ్లేడ్లు అలాగే ఉండిపోయాయి, కొనేవాడు లేడు. ఊళ్లో మగవాళ్లందరికీ గడ్డాలు పెరిగాయి.

కోటిలింగం ఖాళీ కుర్చీలు తుడిచి తుడిచి, చివరికి సిగ్గు విడిచి బసవపున్నయ్య ఇంటికి వెళ్లాడు.

“బాబాయ్, ఒక్క తిట్టు తిట్టండి. చిన్నదైనా సరే. నెలాఖరుకి ఎనిమిది రోజులుంది. గది పోద్ది.”

“నా పింఛను పోద్దిరా.”

“ఆర్నెల్లు ఊరికే గీస్తా. తల మర్దన కూడా చేస్తా.”

“మర్దన చేయించుకోవడానికి తలకాయంటూ ఉండాల గదరా కోటీ.” బసవపున్నయ్య గడ్డం నిమురుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకే బాధ కలిగింది. “పొగడ్తలు ఎన్నైనా ఇస్తా. వంద రాసుకో. మా అల్లుడి పేరు మీద ఇంకో వంద రాసుకో.”

ఇంటికి వచ్చి జరిగింది చెబితే, చింతపండు పిసుకుతున్న భార్య రవణమ్మ నవ్వింది. “ఆడోళ్లకి గడ్డాలు లేవు గాబట్టి మాకు అభిప్రాయాలే లేవని మీ గవర్మెంటు లెక్కయ్యా. నన్నడగమను. పదిహేను శాతం నేనొక్కదాన్నే ఇస్తా.” కోటిలింగం భయపడి వీధి తలుపు దగ్గరగా వేశాడు.

ఈలోగా గడ్డాల సంగతి రాజధానికి చేరింది. ‘అర అంగుళం మించిన గడ్డము వ్యక్తము చేయని అభిప్రాయముగా భావించబడును’ అని సర్క్యులరు వచ్చింది. సదానందమూర్తి బజార్లో గడ్డాలున్నవాళ్లని ఆపి విచారించాడు. అందరూ తిరుపతి మొక్కన్నారు.

“ఊరంతటికీ ఒకేసారి మొక్కా? ఏమని మొక్కుకున్నారు?”

“మొక్కు బయటికి చెప్పగూడదండి,” అన్నాడు బసవపున్నయ్య వినయంగా. “చెప్తే ఫలించదు.”

ఆ ముక్క సదానందమూర్తి యథాతథంగా నివేదికలో రాసి పంపాడు. అది చదివిన శాఖ కార్యదర్శి తానే స్వయంగా రేవులపాడు వస్తున్నట్లు కబురు చేసింది. నెలాఖరు రోజు సాయంత్రం ఐదింటికి, ఏడో నంబరు గదిలో, ప్రజల నిర్భయత్వాన్ని కళ్లారా చూసి రిజిస్టరు తీసుకెళుతుందట.

ఆ రోజు పొద్దున పది గంటలకి పోలీసులు నలభై మంది గడ్డాలవాళ్లని బజారు నుంచి తోలుకొచ్చి సెలూన్ ముందు వరసలో నిలబెట్టారు. వరసకి ఆ చివరొకడు, ఈ చివరొకడు లాఠీలు పట్టుకుని నిలబడ్డారు. సదానందమూర్తి మెట్టు ఎక్కి ప్రసంగించాడు.

“మీకెవరికీ భయం లేదు. ఈ విషయం మీరు గుర్తుంచుకోవాలి. వరస తప్పినవారిని ఠాణాకు తరలిస్తారు. ఇక నిర్భయంగా ప్రారంభించండి.”

అందరూ మెట్టు మీది ఆయన కేసే చూశారు. అప్పుడు అందరూ గమనించినదేమిటంటే, నిర్భయాధికారికీ గడ్డం ఉంది. ఊళ్లో అందరికంటే ఆయనదే పొడుగు. పాపం, ఆయన ప్రభుత్వోద్యోగి. ప్రభుత్వం గురించి మాట్లాడితే ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. మాట్లాడకపోతే గడ్డం గీయడానికి జీవో ఒప్పుకోదు. బ్లేడు కొనుక్కుందామంటే తను పంపిన ప్రతిపాదనే అడ్డం. అర అంగుళం మించిన గడ్డంతో కార్యదర్శి ఎదుట ఎలా నిలబడతాడు?

“ముందు నాది కానివ్వు,” అని ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

కోటిలింగం గుడ్డ కట్టి, నురగ పట్టించి, ఎడమ చెంప నున్నగా గీశాడు. గీసి ఆగాడు. రిజిస్టరు తెచ్చి చేత పట్టుకున్నాడు.

“సార్, మూడు వాక్యాలు.”

“నాకు వర్తించదు.”

“మినహాయింపు ఉందేమో చూసి చెప్పండి సార్. గుడ్డ తీస్తే గది పోద్దని మీరే అన్నారు.”

ఇది కొంటెతనమా భయమా అని అడిగితే కోటిలింగమే చెప్పలేడు. సాయంత్రం కార్యదర్శి వచ్చి, ఈ నున్నటి చెంపకి వాక్యాలేవీ అంటే తను ఏం చూపించాలి? సదానందమూర్తి జీవో తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మినహాయింపు లేదు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఆయన గడియారం చూసుకున్నాడు.

“ప్రభుత్వం బాగుంది,” అన్నాడు.

“పొగడ్తలు నిండిపోయినయ్ సార్. ఇప్పుడు విమర్శే తీసుకోవాల.”

“ప్రభుత్వం తన ఆరోగ్యం కూడా చూసుకోకుండా...”

“అది నాసిరకం గదండీ,” అన్నాడు వరసలోంచి బసవపున్నయ్య.

సదానందమూర్తి చాలాసేపు అద్దంలోకి చూశాడు. గుడ్డ కింద చేతులు కదిలాయి, ఫైలు కోసం వెతుక్కున్నట్టున్నాడు. తర్వాత మెల్లగా, మామూలు మనుషుల తెలుగులో మాట్లాడాడు.

“ఇది బుద్ధి లేని జీవో. ఎనిమిది నెలలుగా మా ఇంట్లో నా భార్యతో కూడా గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. నాకు భయంగా ఉంది.”

కోటిలింగం మూడు వాక్యాలూ రాశాడు. పక్క గడిలో ‘లేదు’ అని ముందే ఉంది. ఆయన సంతకం పెట్టాడు. కుడి చెంప గీస్తున్నంతసేపూ ఆయన కళ్లలోంచి నీళ్లు కారి నురగలో కలుస్తుంటే కోటిలింగం చూడనట్టే కత్తి నడిపాడు. గుడ్డ తీయగానే ఆయన ఎవరి మొహమూ చూడకుండా జీపెక్కి వెళ్లిపోయాడు.

రెండోవాడు బసవపున్నయ్య. కూర్చుని, తేలిగ్గా అన్నాడు. “పైవారు చెప్పినదే. డిటో.”

“మూడు వాక్యాలు బాబాయ్.”

“డిటో. డిటో. డిటో.”

మూడోవాడూ డిటో, నాలుగోవాడూ డిటో. అందరి వాక్యాల కాలమ్ లోనూ సదానందమూర్తి తలకాయే బరువు మోసింది. ఇది ధైర్యమా అంటే కాదు, ఒకడి నెత్తిన నలభై మంది తువ్వాళ్లు ఆరేసుకోవడం. అయినా ఇన్ని నెలల తర్వాత వాళ్లు పలికిన మొదటి నిజమైన మాట అదే. కోటిలింగం వాక్యాలైతే ముందు పుచ్చుకున్నాడు, గడ్డాలు తర్వాత వరసగా గీద్దామని. నలభై సంతకాలూ పడేసరికి మధ్యాహ్నమైంది.

కోటిలింగం కూడుకుని చూశాడు. కోటా నిండింది. గది నిలబడినట్టే. బ్రష్షు తడిపి బసవపున్నయ్యకి నురగ పట్టిస్తూ, గూట్లో తెరిచి ఉన్న రిజిస్టరు కేసి చూశాడు. నలభై పేర్లు, నలభై ఆధార్ నంబర్లు, అన్నిటి పైనా నిర్భయాధికారి పొడుగుపాటి సంతకం. సాయంత్రానికి అది కార్యదర్శి కారెక్కుతుంది. డ్రాయింగు మాస్టారు గుర్తొచ్చాడు. ఠాణా నుంచి వచ్చిన నాటి నుంచీ ఆయన బడిలో పిల్లలకి గీతలు తప్ప బొమ్మలు నేర్పడం లేదు. కోటిలింగం బ్రష్షు పక్కన పెట్టి, కత్తి తీసి ఒక గీత గీశాడు.

కత్తి నిండా నురగ ఉంది. లుంగీ గుడ్డ తడిసి ముద్దయి మూల పడి ఉంది. అతను రిజిస్టరులో ఆనాటి మొదటి కాగితం చించి, నాలుగు ముక్కలు చేసి, బసవపున్నయ్య భుజం మీద ఒక ముక్క వేసి దాని మీద కత్తి తుడిచాడు. అద్దంలో బసవపున్నయ్య కళ్లు పెద్దవయ్యాయి. వెనక నిలబడ్డవాళ్లూ చూశారు, చూసి పోలీసులకి కనబడకుండా గుమ్మానికి అడ్డంగా జరిగారు. ఒక్కో మనిషి కుర్చీలో కూర్చున్నప్పుడల్లా తన పేరున్న కాగితం నురగతో బక్కెట్లోకి వెళ్లడం చూసి, కాసిని చల్లటి నీళ్లు మొహాన కొట్టుకుని లేచాడు. ఐదింటికి రిజిస్టరుకి అట్టలు మిగిలాయి.

కార్యదర్శి రెండు కార్లు, ఒక కెమెరాతో వచ్చింది. వెంట సదానందమూర్తి, చచ్చిన మొహంతో. నలభై నున్నటి మొహాలు చూసి ఆవిడ సంతోషించింది.

“ప్రజాభిప్రాయ సంపుటిని సమర్పించండి.”

కోటిలింగం అట్టలు సమర్పించాడు.

“లోపలి భాగం?”

“కత్తి తుడుచుకున్నానండి. పేపర్లు వద్దన్నారు గదా.”

సదానందమూర్తి గోడని పట్టుకున్నాడు.

“ప్రభుత్వ రికార్డును ధ్వంసం చేశారు,” అంది ఆవిడ. “ఆ పని చేయుటకు మీకు భయం వేయలేదా?”

వేసిందంటే రాష్ట్రంలో భయం ఉన్నట్టు, అదొక నేరం. కోటిలింగం కొత్త బోర్డు కేసి ఒకసారి చూశాడు. “లేదండి,” అన్నాడు.

కార్యదర్శి పక్కవాళ్ల వైపు తిరిగింది. శాఖ పుట్టిన నాటి నుంచీ రాష్ట్రమంతటా వెతికినా దొరకని సాక్ష్యం ఎదుటే నిలబడి ఉంది. కార్లోంచి శాలువా వచ్చింది, ప్రశంసాపత్రం వచ్చింది. ‘ఉత్తమ నిర్భయ పౌరుడు’ అని ఆవిడ అప్పటికప్పుడు పేరు రాసి సంతకం పెట్టింది. కెమెరా వైపు చూసి శాలువా కప్పింది. తర్వాత అదే పెన్నుతో రెండో కాగితం మీద సంతకం పెట్టింది. రికార్డు ధ్వంసం చేసినందుకు లీజు రద్దు. శాలువా భుజాన ఉండగానే ఏడో నంబరు గదికి సీలు పడింది. రేవులపాడు నూరు శాతం నిర్భయం సాధించినందున ఇక్కడ ఈ మూడు వాక్యాల పథకం అవసరం తీరిందని, మర్నాడు పథకమే ఎత్తేశారు.

కుర్చీ ఒక్కటి బయటికి తెచ్చుకోనిచ్చారు. రవణమ్మ శాలువాని అటూ ఇటూ తిప్పి చూసి, పాల గిన్నె పట్టుకోవడానికి మడిచి పెట్టుకుంది. మూడు రోజులు కోటిలింగం అన్నం సరిగా తినలేదు. ఆ గది పోయినందుకు అతనికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు కూడా. నాలుగో రోజు నుంచి జనమే ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఇంటి వసారాలో, రేకు కింద, కుర్చీ వేశాడు.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం సదానందమూర్తి వచ్చాడు. మన్యంలోకి బదిలీ అయింది, సాయంత్రం బస్సు. జీపు లేదు, ఫైలు లేదు. వసారాలో ఇంకెవరూ లేరు. కోటిలింగం గుడ్డ కట్టి నురగ పట్టించాడు.

“నిజం చెప్పు కోటిలింగం. ఆ రోజు నీకు భయం వెయ్యలేదా?”

కోటిలింగం వీధిలోకి తొంగి చూశాడు. వసారా తడిక జరిపి, దగ్గరగా వచ్చాడు.

“చచ్చేంత ఏసిందండి,” అన్నాడు మెల్లగా. “మీకు తగ్గిందా?”

“ఎక్కడ తగ్గుతుంది? ఇప్పుడూ ఉంది.”

అని ఆయన తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, గొంతు కత్తికి అప్పగించాడు.